అత్తగారి అడ్డపొగ

అసిరమ్మ చుట్ట కాలుస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కాలుస్తుంటే చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి, వట్టి కొస బయటికి. చుట్ట పీకదాకా అరిగాక పెదవులు మూసుకుంటే ఇక బూడిద లేదు, పొగ లేదు, పేచీ లేదు. నరసన్నపేట చుట్టుపక్కల ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అలా నోట్లో నిప్పు పెట్టుకునే నాట్లు వేశారు, కోతలు కోశారు, కోడళ్ళను ఏలారు.

ఆ ఏలుబడిలో ఉన్న కోడలు పద్మకుమారి. విజయనగరంలో బి.ఏ. చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది గాని, అత్తగారి కడుపులో గడ్డ ఉందని తేలాక అందరికీ ఒక్కసారే గుర్తుకొచ్చింది. నౌపడ స్టేషన్లో ఉద్యోగం చేసే మొగుడు నరసింగరావు, తనకు సెలవు దొరకదనీ, చదువుకున్న పెళ్ళాం ఉండగా బెంగ లేదనీ చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. మిషనాసుపత్రి డాక్టరమ్మ కూడా చదువు మాటే ఎత్తి, ఆపరేషనుకు ముందు ఏవి కూడవో ఈమెకే అప్పజెప్పింది. ముందు రాత్రి నుంచి అన్నం కూడదు, కాఫీ కూడదు, మంచినీళ్ళు కూడా కూడవు. కడుపులో ఏమున్నా మత్తులో పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది. చుట్ట అయితే చాలా ముందుగానే మానాలి, లేకపోతే మత్తులో ఊపిరి అందదు.

వినడం పద్మకుమారి వంతు, మానడం అసిరమ్మ వంతు. మధ్యలో చెప్పడం అనే పని ఒకటుంది. ఆ ఇంట్లో అసిరమ్మకు వద్దని చెప్పి బతికి బట్టకట్టిన వాళ్ళెవరో పద్మకుమారికి ఇంకా పరిచయం కాలేదు.

మొదటిసారి ఆపరేషను తరవాణి వల్ల ఆగింది. అన్నం కూడదన్నారు గనక అసిరమ్మ అన్నం తినలేదు. తెల్లారి లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిసిన గంజినీళ్ళు ముంతెడు తాగింది. నర్సు ఎలీసమ్మ అడిగితే దాచలేదు కూడా.

"మెతుకు ముట్నేదమ్మా. తరవాణి కూడా తిండేనేటి?" అంది.

మత్తు డాక్టరు నెలకోసారి విశాఖపట్నం నుంచి వస్తాడు. ఆయన గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. గడ్డ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, పెరిగింది. అది మెలిక పడిందంటే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ పద్మకుమారిని పక్కకు పిలిచి చెప్పింది.

అందుకని ఈసారి పద్మకుమారి కాపలా కాసింది. నీళ్ళ కూజా తీసేసింది, తలగడ తడిమింది, సంచి దులిపింది. కొప్పులో చెయ్యి పెట్టడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఆ పని ఎలీసమ్మ చేసింది. ఆపరేషనుకు వెళ్ళే ఆడవాళ్ళకు కొప్పు విప్పి రెండు జడలు వెయ్యడం అక్కడి పద్ధతి. ముడి విప్పగానే చుట్టలు రెండు మంచం మీద రాలాయి. బడికెళ్ళే పిల్లలా రెండు జడలతో కూర్చున్న అసిరమ్మ, అవేమిటో తెలియనట్టు వాటి వంక చూసింది.

ఇక ఫరవాలేదనుకుంది పద్మకుమారి. ఊరి నుంచి అప్పుడే దిగిన అత్తగారి చెల్లెలు జగ్గమ్మ, అక్కను దొడ్డివైపు తనే తీసుకెళ్తానంటే సరేనంది.

తిరిగొచ్చిన అసిరమ్మ చక్రాల బల్ల మీద బుద్ధిగా పడుకుని దుప్పటి ముక్కుదాకా లాక్కుంది. వరండాలో బల్ల కదిలింది. భయంగా ఉందా అని కోడలు అడిగితే తల అడ్డంగా ఊపింది. దేవుణ్ణి తలుచుకోమని ఎలీసమ్మ అంటే నిలువుగా ఊపింది. అత్తగారు ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం పద్మకుమారి చూడటం అదే మొదలు. ముందు జాలేసింది. ఆపరేషను గది దగ్గరపడి మత్తిచ్చే ఈథరు వాసన ముక్కుకు తగిలాక ఒళ్ళు చల్లబడింది. ఆ మందు ఉన్నచోట అగ్గిపుల్ల గీసినా భగ్గుమంటుందని పొద్దున ఎలీసమ్మే చెప్పింది.

దొడ్డివైపు రోగుల తాలూకు వాళ్ళు వంటలు చేసుకుంటారు. అక్కడ నిప్పుకు కొదవలేదు. జగ్గమ్మకూ కొప్పుంది. ఆవిడకెవరూ రెండు జడలు వెయ్యలేదు.

తలుపు తీయించడానికి ఎలీసమ్మ రెండడుగులు ముందుకు వెళ్ళింది. పద్మకుమారి వంగి, "అత్తా, నోరు తెరు" అంది.

అసిరమ్మ చూసింది. ఆ చూపులో ఏలుబడి లేదు. పద్మకుమారి ఆ కళ్ళలో అంతవరకు ఎరగనిది, బతిమాలుకోవడం ఉంది. పసిపిల్ల నోట్లోంచి మట్టి కక్కించేటప్పుడు పట్టినట్టు పద్మకుమారి అరచెయ్యి పట్టింది. అసిరమ్మ చుట్ట పీకను అందులో ఉమ్మేసింది. నిప్పు ఇంకా బతికే ఉంది. పద్మకుమారి పిడికిలి మూసింది.

"ఆ గదిలో నానెరిగినదొక్కటీ నేదే," అంది అసిరమ్మ. "ఇదొక్కటైనా నా కూడా ఉంటాదని..."

ఎలీసమ్మ వెనక్కొచ్చి, లోపలికి తీసుకెళ్ళే ముందు అడిగే మాట అడిగింది.

"ఏటైనా తిన్నాదా? తాగినాదా? సుట్టేటైనా...?"

అసిరమ్మ కోడలి మొహమే చూస్తోంది. కాల్చలేదంటే ఈ పూట గడ్డ బయటికొస్తుంది, మత్తులో ఊపిరి అందితే. కాల్చిందంటే గడ్డ ఇంటికొస్తుంది. బి.ఏ.లో ఇలాంటి ప్రశ్న ఎవరూ ఇవ్వలేదు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ లేస్తోంది. పద్మకుమారి పిడికిలి విప్పింది.

మత్తు డాక్టరు అసిరమ్మ రొమ్ము మీద గొట్టం పెట్టి విని, లోపల పిల్లికూతలు వినిపిస్తున్నాయన్నాడు. గడియారం చూసుకున్నాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పద్మకుమారి చేతిలో బొబ్బ చూసి, వచ్చే నెల తీసుకురమ్మంది.

సాయంత్రం బస్సులో అసిరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రెండు జడలూ అలాగే ఉన్నాయి. ముందు సీట్లో జగ్గమ్మ కొప్పు నిండుగా కనిపిస్తోంది.

"ఏటే, అంతలా కాలిపోనాదా?" అంటూ అసిరమ్మ కోడలి చెయ్యి ఒళ్ళోకి లాక్కుని ఊదడం మొదలెట్టింది. ఆ ఊపిరి నిండా చుట్ట వాసన. "వచ్చే నెలకి సుట్ట ఒగ్గేత్తాన్లే."

"వచ్చే నెలదాకా గడ్డ ఆగుతుందా అత్తా?"

అసిరమ్మ ఊదుతూనే ఉంది. పద్మకుమారికి చెయ్యి వెనక్కు తీసుకోబుద్ధి కాలేదు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా అత్తగారి రెండో చెయ్యి కడుపు మీదికి పోతోంది.