అయిదు గుండీల లెక్క

మొదట్లో ఆమె వాటాకి వచ్చింది అయిదింట ఒక వంతు చాకిరీ. అప్పటిదాకా మొత్తం తనదే కాబట్టి బేరం బాగానే ఉందనిపించింది. టోకు బజారు ఆదివారం తప్ప తెరవరు. వెళ్ళకపోతే తన గుండీల కొట్టుకి సరుకు దళారీ చెప్పిన ధరకే కొనాలి. వెళ్ళాలంటే ఆ పూట వారం బట్టలూ, బాత్రూములూ, వంటా ఇంకెవరైనా అందుకోవాలి. ఆ మాటే అడిగితే భర్త నవ్వి, గొడవెందుకు, లాటరీ వేద్దాం, ఎవరిది వస్తే ఆ ఆదివారం పని వాళ్ళదన్నాడు. ఆమే కొట్లోంచి అయిదు గుండీలు తెచ్చి రేకు డబ్బాలో వేసింది. నల్లది భర్తది, గోధుమరంగుది మామగారిది, నీలం మరిదిది, పసుపు కూతురిది, ఎర్రది తనది.

మామగారికి మోకాళ్ళు పట్టేశాయి, ఈ వారానికి ఆయనది తీసేద్దామన్నారు. న్యాయమే అనుకుంది. మరిది షిఫ్టులు చేసి అలిసిపోయాడు, ఈ వారానికి పడుకోనీ అన్నారు. సరేనంది. పరీక్షలని కూతురిది ఆమే తీసింది. నల్లదాన్ని మాత్రం భర్త స్వయంగా తీశాడు. "నేను ఉతికితే మళ్ళీ నువ్వే ఉతకాలి. నీకే రెండు పనులు" అన్నాడు, ఆమె మేలు కోరినవాడిలా. తర్వాత అతని చొక్కాకి గుండీ ఊడితే ఆమె ఆ నల్లదాన్నే కుట్టి ఇచ్చింది.

కొట్లో ఎవరైనా ఇలా నాలుగుసార్లు తగ్గించమంటే కూడి చూసుకునేది. ఇంట్లో చూసుకోలేదు. 'ఈ వారానికి' అన్నారు కదా, నీలమూ గోధుమా ఎప్పుడో తిరిగి వేసే ఉంటారనుకుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే మరిది కళ్ళు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టి, "మళ్ళీ మా వదినే. టికెట్టు కొను వదినా, కోటి తగులుతుంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఆ తన నవ్వు తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

పరీక్షలు అయ్యాక ఒక శనివారం సాయంత్రం కూతురు లెక్కల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. సంభావ్యత మీద సొంతంగా ఒక లెక్క తయారుచేసి, మెట్టు మెట్టుగా చేసుకురమ్మన్నారట.

"మన డబ్బా లెక్కే రాస్తానమ్మా. మొదటి మెట్టు, మొత్తం పర్యవసానాలు. డబ్బాలో ఎన్నున్నాయి?"

"మూడు" అంది, ఉల్లిపాయలు తరుగుతూ.

పిల్ల నమ్మలేదు. డబ్బా తీసి ఊపింది.

ఒక్క గుండీ చప్పుడు. పొట్లం చెవి దగ్గర ఊపి లోపల ఎన్ని గుండీలున్నాయో చెప్పగలిగిన మనిషి, ఇన్నాళ్ళూ ఆ చప్పుడు వినిపించుకోలేదు.

"మొత్తం ఒకటి. అనుకూలం ఒకటి. ఒకటి బై ఒకటి" అని పిల్ల గొంతు తగ్గించింది. "దీన్ని ఖచ్చిత ఘటన అంటారమ్మా. రేపు పొద్దున సూర్యుడు ఉదయిస్తాడు చూడు, అలాంటిది."

వీళ్ళ దృష్టిలో తను పొద్దు పొడుపన్నమాట. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, దానంతటదే జరిగిపోతుంది. ఆమె కత్తిపీట పక్కకి నెట్టి, కత్తెర తీసుకుని హాల్లోకి వెళ్ళింది. భర్త ఆ చొక్కాలోనే టీవీ చూస్తున్నాడు.

"కదలకండి" అని పొట్ట దగ్గరి నల్ల గుండీ దారం కత్తిరించింది. అతను బిత్తరపోయి చొక్కా దగ్గరికి లాక్కున్నాడు. నీలమూ గోధుమా టీవీ పక్క సాసర్లో దొరికితే, మూడూ డబ్బాలో వేసింది. కూతురు తన పసుపు గుండీ తనే తెచ్చి వేసింది. ఆమె ఎర్రదాన్ని తీసి పర్సులో పెట్టుకుంది.

"నీ గుండీ లేకుండా లాటరీ ఏంటి? ఇదెక్కడి న్యాయం?" అన్నాడు భర్త.

"ఈ వారానికే" అంది.

తెల్లారి మొదటి బస్సుకి టోకు బజారుకి బయల్దేరింది. గుమ్మం దాటుతుంటే లోపల డబ్బా ఊపుతున్న చప్పుడు. ఈసారి విని లెక్కపెట్టుకుంది, నాలుగు. ఇన్నాళ్ళ బేరంలో చివరికి ఆమెకు మిగిలింది ఒక ఎర్ర గుండీ, కూతురు పుస్తకంలో తన వంతుకి సున్నా బై నాలుగు. ఆ సున్నాని ఇక ఎవరెంత బతిమాలినా ఆమె మార్చదు.