శొంఠి కొనేముందు

మా ఆయన జగదీశ్వర్, మూలికలమ్మే ముసలాయన గుండయ్యను చొక్కా పట్టుకుని కొట్లోంచి బయటికి ఈడ్చేసరికి మాదన్నపేట మార్కెట్లో బేరాలన్నీ ఆగిపోయాయి. మొదటి గుద్దుకే ముసలాయన ముక్కు పగిలింది. రెండో దెబ్బకు శొంఠి గంప మీద పడ్డాడు.

"మా అమ్మకు ఏం తాపిచ్చినవ్‌రా? పొద్దుగాల రక్తం కక్కింది!"

మా అత్త కళావతికి గుండెలో కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ గోలీ వేసుకోవాలి. శొంఠి లేని కషాయం లేదంటూ, మోకాళ్ల నొప్పులకు నెల రోజులుగా పూటకు మూడు చెంచాల పొడి కలుపుకుని తాగింది. ఆ గోలీ మీద ఇంత శొంఠి పడితే రక్తం ఆగదని ఆస్పత్రిలో డాక్టరు తిట్టాడు.

గుండయ్య ఎడాపెడా అమ్మే రకం కాదు. శొంఠికి పట్టిన సున్నం గీకి, దంచి, పొట్లం కట్టేముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాడు: "నెత్తురు పల్చగ చేసే గోలీలు గిట్ల మింగుతున్నరా?" అవునంటే చిటికెడు కూడా ఇవ్వడు.

"మింగుతున్ననంటే ఇయ్యడు. లేవని చెప్పు" అని మా అత్త నాకు నేర్పి పంపింది. సిగ్గులేకుండా నాలుగుసార్లు లేవన్నాను.

ఇప్పుడు గుండయ్య జనంలో ఉన్న నా వైపే చూస్తున్నాడు. నిజం చెబితే ఇంట్లో నా గతేమవుతుందో తెలుసు. పిరికిదాన్ని, నోరు మూసుకుని నిలబడ్డాను. జగదీశ్వర్ ఇనుప రోకలి అందుకుని ముసలాయన ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఆగు! ఆయన అడిగిండు. గోలీలు లేవని నేనే అబద్ధం చెప్పిన!"

రోకలి గాలిలో ఆగింది. జగదీశ్వర్ నన్ను చూశాడు, మూగిన జనాన్ని చూశాడు. అందరి ముందూ తప్పయిందనడం కంటే కొట్టడమే తేలికనిపించినట్టుంది. మళ్లీ అదే చేతి మీద కొట్టాడు.

"నీ అబద్ధానికి నా చెయ్యి పాయె గదనే" అన్నాడు గుండయ్య, నెత్తురు ఉమ్మేసి.

పోలీసులు వచ్చి ఎవరు చూశారని అడిగితే ఒక్కరూ పలకలేదు. నేను ముందుకు వెళ్లాను. ముందు దెబ్బలన్నీ నా అబద్ధం వల్ల పడ్డాయని చెప్పాను. చివరిది మాత్రం నిజం తెలిశాకే నా మొగుడు కొట్టాడని, ఆ మొగుడి ఎదుటే చెప్పాను.