వాసెన కట్టిన రౌటరు

మార్తాండుడు నడినెత్తినుండి పడమటికి మూరెడు జరిగియు తన ప్రతాపమును వీసమెత్తు తగ్గింపక బందరు పట్టణపు పెంకుటిండ్ల కప్పులను అట్లపెనములవలె కాల్చుచుండగా సముద్రమునుండి రావలసిన చల్లగాలి దారి తప్పి వడగాడ్పు మాత్రమే దుమ్ము నెత్తికొని వీధివీధి తిరుగుచుండగా కాకులు సైతము వీధికుళాయి క్రింద ముక్కులు తెఱచికొని బొట్టు బొట్టునకు కాచుకొనియుండిన జ్యేష్ఠమాసపు అపరాహ్ణవేళ గొడుగుపేటలో రైలుపెట్టెవలె పొడవునకు సాగి వెడల్పునకు లోభించిన యొక యింటి చిట్టచివరి గదిలో మృణాళిని యను గృహిణి పిన్నీసు చేతబట్టి యొక నల్లని పెట్టె వీపుననున్న సూదిబెజ్జమును పొడుచుచు పండ్లు కొఱుకుచుండెను. ఆ దినమున అది ఏడవ పొడుపు.

ఆ గృహమును కట్టించిన పూర్వుడెవరో గాని గదులను ప్రక్కప్రక్కన పేర్చుట యెఱుగక ఒకదాని వీపున నొకటి యంటించి పోయినాడు. వీధివాకిట నిలిచినవానికి గుమ్మములన్నింటిగుండ పెరటినూతి గట్టు సూటిగా కనబడును. చూపు పోవును గాని వైఫై పోదు. ఏలయన సంస్థవారి తీగ హాలు మూలనున్న టీవీబల్లకడ ఆగినది. అచ్చటి రౌటరునుండి వెడలిన తరంగము ఇనుపబీరువాను రాచుకొని మూరెడు మందపు గోడల నొకటొకటిగా దాటి దేవుని గదియొద్ద ఆయాసపడి కొట్టుగదిలో కూలబడి వంటిల్లు దాటి పెరటిగదిని చేరునప్పటికి కొడిగట్టిన దీపమువలె మిణుకుమని ఆఱిపోవును.

మృణాళినికి కావలసినది ఆ పెరటిగదియే. పదునాలుగు సంవత్సరములుగా పట్టుచీరల యడుగున కలరావుండల వాసన పీల్చుచు పరుండిన ఆమె గణితశాస్త్రపు పట్టాను హైదరాబాదునందలి యొక బోధనసంస్థవారు లేపి కూర్చుండబెట్టిరి. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇంటినుండియే బీజగణితము చెప్పవలెనట. అంతకుముందు అరగంట పరీక్షాపాఠ మొకటి చెప్పి చూపవలెనట. గతమాసమున ఆమె చెప్పిన పరీక్షాపాఠము మూడవ నిమిషముననే ఆగిపోయి తెఱపై ఆమె ముఖము నోరు సగము తెఱచి ఆవులించుచున్న భంగిలో బిగిసి నిలిచినది. సంస్థవారు దయదలచి శనివారము నాలుగు గంటలకు మఱియొక యవకాశ మిచ్చిరి. ఇదియే తుదిది యని కూడ సెలవిచ్చిరి. హాలులో కూర్చుండి చెప్పుద మన్నచో అది మామగారైన కాశీపతిగారి సామ్రాజ్యము. టీవీలో నలుగురు ఒక్కుమ్మడి అఱచుచుండ వారికి అయిదవవానిగా ఆయన యిక్కడ అఱచుచుండును.

ఈ యింట ఒక గదిలోని మాటను మఱియొక గదికి చేరవేయు యంత్ర మొకటి యింతకుముందే కలదు. దాని పేరు మృణాళిని. సర్వేశాఖలో పనిచేసి విశ్రమించిన కాశీపతిగారును ఆయన ధర్మపత్ని త్రిపురసుందరమ్మగారును పరస్పరము మాటలాడి పదునొకండు సంవత్సరములైనది. ఇంటికి మిక్సీ వచ్చిన శుభదినమున ఆయన త్రిపురసుందరమ్మగారి పుట్టినింటి రుబ్బురోలును ఉదయపు నడకసంఘమువారి తోటలో పక్షులు నీరు త్రాగుటకై దానము చేసి వచ్చెను. పక్షులు త్రాగినవి. ఆమె మాటలు మానినది. నాటినుండి హాలులో నొకరు కొట్టుగదిలో నొకరు, నడుమ కోడలు.

"అమ్మాయీ! చారు నీళ్లలా ఉందని మీ అత్తయ్యతో చెప్పు" అని హాలు పలుకును.

"ఇంకొంచెం ఉంటే వేసుకునేవారట అత్తయ్యగారూ" అని మృణాళిని వంటింట చేరవేయును.

"అంత ఇష్టమైతే తనే వచ్చి కాచుకోమను!"

"రేపు ఇంకాస్త చిక్కగా కాస్తారట మామయ్యగారూ."

ఈ విధముగా ఆ యింట శాంతి వర్ధిల్లుచుండెను.

కావున దౌత్యమున నింతటి యనుభవము గల తనకు ఒక రౌటరు మాటను మఱియొక రౌటరుచేత చెప్పించుట యేమంత ఘనకార్యమని తలంచి ఆమె అటుకపైనున్న పాతకనెక్షను రౌటరును దింపి దుమ్ము దులిపి బుధవారము నాడు పని కుపక్రమించెను. హాలులోని పెద్దరౌటరు పేరును రహస్యపదమును చిన్నదాని కుపదేశించి తీగ యేమియు లేకయే దానిమాట విని దీనినోట పలుకు మని నియమించి పెరటిగదిలో నెలకొల్పెను. చిన్నది పలుకలేదు. పిన్నీసుతో పొడిచి పూర్వజన్మస్మృతి యంతయు తుడిచి మరల నుపదేశించెను. పలుకలేదు. భర్త ఏలూరు కచేరినుండి ఫోనులో "ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడు" అని సలహా యొసంగెను. "ఏది?" అని ఆమె అడిగెను. "ఏదైనా" అని ఆయన ఫోను పెట్టివేసెను.

గురువారమునాటికి తెలిసినదేమన పెట్టెలు రెండును పుట్టుకతో ఒకే యంకెల చిరునామాను ధరించి ఈ యింటి పెద్దను నేనన నేనని వాదులాడుకొనుచున్నవి. చిన్నదాని చివరియంకె మార్చినది. అంతట రెండును వచ్చిన ప్రతి పరికరమునకును తామే చోటు కేటాయింపబూనినవి. ఒకే బంతిలో ఇద్దఱు పెద్దమనుష్యులు నిలిచి వచ్చినవారిని నీ విక్కడ నీ వక్కడ యని కూర్చుండబెట్టినచో భోజన మెవ్వనికి దక్కును? చిన్నదానిచే ఆ పెత్తనము మాన్పించినది. శుక్రవారము ప్రొద్దున దీపములన్నియు పచ్చగా వెలిగినవి. పెరటిగదిలో ల్యాప్‌టాపు తెఱచిన వైఫై గీతలు నిండుగా నిలిచినవి. పాఠపు పుట మాత్రము తెఱచుకొనదు. తెల్లని తెఱపై చక్రము తిరుగుచునేయున్నది. మృణాళిని తన నుదుటిని గోడకు మెల్లగా రెండుమాఱులు కొట్టుకొనెను.

అపరాహ్ణమున ఏడవ పొడుపును వ్యర్థముకాగా ఆమె విసిగి పెట్టెను చంకనిడుకొని అటుకపై పాఱవేయుటకు వంటిల్లు దాటి పోవుచు ఊడదీయ మఱచిన పొడవైన కరెంటుతీగను ఈడ్చుకొనుచు కొట్టుగది గుమ్మమున క్షణ మాగినది. బుధవారమునుండి చిన్నపెట్టెనే నమ్ముకొనియున్న చేతిలోని ఫోను టింగుమన్నది. మూడు దినముల సందేశము లొక్కమాఱుగా దిగినవి. అప్పుడు తెలిసినది. మాట వినబడని చోట నిలిపిన దూత యేమి చెప్పును? చిన్నపెట్టె పెరటిగదిలో తన కంఠమునైతే ఖంగున వినిపించుచున్నది గాని దాని చెవికి పెద్దపెట్టె పలు కందుటలేదు. దాని చోటు చివర కాదు, నడుమ.

కాశీపతిగారు ఈ మాట వినిన తోడనే కొలత టేపు తీసికొని మహోత్సాహమున ఇల్లు కొలిచి వచ్చి తీర్పు చెప్పెను. "మొత్తం యాభై రెండు అడుగులు. సగం ఇరవై ఆరు. ఇరవై ఆరో అడుగు తిన్నగా మీ అత్తయ్య ఆవకాయ జాడీల అర మీద పడింది. నేనేం చెయ్యను? కొలత కొలతే."

ఆ అర మడి అర. కొత్తావకాయ జాడీలు ఏడు, మూతులకు గుడ్డ వాసెనలు కట్టుకొని తెల్లని తలపాగాల పెద్దలవలె బారుగా కొలువుతీరియున్నవి. స్నానము చేసి మడి కట్టుకొనిన త్రిపురసుందరమ్మగారి చేయి దక్క మఱియొక చేయి దానిని తాకి యెఱుగదు.

"ఎవరెవరి చేతులు తగిలాయో దానికి! నా జాడీల మధ్యకా?" అని ఆమె గుమ్మమున కడ్డముగా నిలిచెను.

మృణాళిని ఒక నిట్టూర్పు విడిచి మెల్లగా ననెను. "మామయ్యగారు కూడా అదే అన్నారండీ. ఆ అర మీద పెట్టడానికి వీల్లేదన్నారు."

"ఆయనెవరు వీల్లేదనడానికి? అర నాది! ఇలా తే. పసుపునీళ్లు చల్లి నేనే పెడతాను."

"నీళ్లు వద్దండీ, పసుపు చాలు" అని మృణాళిని ఆదరాబాదరా వేడుకొనెను.

శనివారము నాలుగు గంటలకు పెరటిగదిలో ఆమె ముఖము తెఱపై నిర్మలముగా వెలిగెను. ఆవల సంస్థవారి పరీక్షకురాలును ఎనిమిదిమంది బాలికలును. సమీకరణమున ఒకప్రక్క తీసినది రెండవప్రక్క కూడ తీయవలెనని త్రాసుతో పోల్చి చెప్పుచు మృణాళిని తన్ను తాను మఱచెను. పదునొకండవ నిమిషమున బాలికలు నవ్వు ముఖములతో బిగిసిపోయిరి. తెఱపై చక్రము తిరుగజొచ్చెను.

ఫోను మ్రోగినది. ఆ యింట ఫోనులో మాట తెగక వినబడు ఏకైకస్థలము నూతి గట్టు కావున ఆమె పెరటిలోనికి పరుగిడెను. "మేడమ్, మీరు కనిపించట్లేదు. లైన్లోనే ఉండండి. ఐదు నిమిషాలు చూస్తాం. అంతే" అని పరీక్షకురాలు పలికెను. కదలిన మాట తెగును; మాట తెగిన ఉద్యోగము తెగును. మృణాళిని నూతి గట్టుపై ఫోను చెవి కదిమి శిలవలె నిలిచి గుమ్మములగుండ చూచెను. నడుమ కొట్టుగది గుమ్మమున అత్తగారు. ఆవలి కొసను హాలులో తాటాకు విసనకఱ్ఱతో మామగారు.

"అమ్మాయీ! ఇక్కడి దీపాలన్నీ వెలుగుతున్నాయి. అక్కడి పచ్చదీపం చూడమని మీ అత్తయ్యతో చెప్పు!" అని హాలు కేక వేసెను.

"అమ్మాయీ! దీపమేమిటో సరిగ్గా చెప్పమను!" అని కొట్టుగది కేక వేసెను.

ఇద్దఱి చూపులును అలవాటు చొప్పున నూతి గట్టుపై వ్రాలినవి. మృణాళిని ఖాళీగానున్న చేతిని పైకెత్తి అరచేయి చూపి తల అడ్డముగా నూపెను. పదునొకండు సంవత్సరములలో దూతకు అది తొలి సెలవు.

కాశీపతిగారు దగ్గి గోడనుద్దేశించి పలికెను. "జాడీల మధ్య పెట్టె మీద పచ్చదీపం ఉందో లేదో చూసేవాళ్లు చూడొచ్చు."

త్రిపురసుందరమ్మగారు జాడీనుద్దేశించి పలికెను. "బల్లులు పడతాయని దానికీ వాసెన కట్టాను. వాసెన కడితే దీపం ఎలా కనపడుతుంది?"

"వాసెనా!" కాశీపతిగారు మూడు గదులు నాలుగంగలలో దాటి కొట్టుగది గడపకడ ఆగిపోయెను. "త్రిపురా! విప్పు! ఈ ఎండల్లో దానికి ఊపిరాడొద్దూ!"

ఆ పేరు ఆ గోడలు విని పదునొకండేండ్లు.

"విప్పుతున్నాను. అరవకండి."

"కాలుతోందా?"

"పెనంలా కాలుతోంది."

"దాని స్విచ్చి ఆపు. విసురు!"

"దేంతో విసరను? విసనకర్ర మీ చేతిలో ఉంది."

ఆయన విసనకఱ్ఱ చాచబోయి ఆమె మడిచీరను చూచి చేయి వెనుకకు తీసికొనెను. ఆమె ఒక క్షణము తలపోసి తీర్పు చెప్పెను. "అక్కడే నించుని విసరండి. గాలికి మైల లేదు."

అంతట గడపకావల నిలిచి ఆయన విసరెను. గడపకీవల నిలిచి ఆమె పెట్టెను పైకెత్తి పట్టుకొనెను. కొంతసేపటికి "ఇక వెయ్యి" అని ఆయన యనగా ఆమె స్విచ్చి వేసెను. ఆపి మరల వేయుమనిన ఏలూరి సలహా యీ విధముగా ఫలించెను. పచ్చదీపము వెలిగెను. అయిదవ నిమిషము నిండకమునుపే మృణాళిని తెఱపైకి మరలి త్రాసు రెండవప్రక్కను సరిచేసెను.

పాఠ మైన పిదప పరీక్షకురాలు సోమవారమునుండి రమ్మనెను. రెక్కలు వచ్చినట్లు మృణాళిని ఇంటిలోనికి వచ్చిచూడ వృద్ధదంపతులు గడపకు చెఱియొకవైపున నింకను నిలిచియుండిరి.

"ఈ అర మీద పెట్టడానికి వీల్లేదని మీరెందుకన్నారు?"

"నేనా? టేపు పెట్టి చోటు చూపించిందే నేనైతేనూ!"

"మొన్న చారు ఇంకొంచెం ఉంటే వేసుకునేవాణ్ణని..."

"నీళ్లలా ఉందన్నాను."

"నీళ్లలానా!"

ఇద్దఱును నెమ్మదిగా కోడలివైపు తిరిగిరి. "అమ్మాయీ" అని ఏకకంఠమున పలికిరి. పదునొకండేండ్లలో వారు ఏకాభిప్రాయమునకు వచ్చిన విషయ మది యొక్కటియే.

మృణాళిని నేల చూపు చూచెను. త్రిపురసుందరమ్మగారి స్వరము మాత్రము తగ్గినది. "అయితే మొన్న ఉగాదికి... రోలు ఇచ్చెయ్యడం తప్పైపోయిందని మీరు చెప్పి పంపారని అంది. అదీ అబద్ధమేనా?"

కాశీపతిగారు విసనకఱ్ఱ ఈనెలను లెక్కించువానివలె చూచెను. "చెప్పి పంపలేదు" అనెను. విసనకఱ్ఱను రెండవచేతికి మార్చుకొని "అనుకున్నాను" అనెను.

"ఆ మాట మిమ్మల్నే వచ్చి చెప్పమన్నాను. చేరలేదా?"

"చేరలేదు."

ఎట్లు చేరును? పంపనిమాటకు వచ్చిన బదులును ఏ మొగముతో చేరవేయును? ఆ యొక్క సందేశమును మృణాళిని తన కడుపుననే దాచుకొనియుండెను.

"అనుకున్నవాళ్లు అనొచ్చుగా! పదకొండేళ్లు!" అని త్రిపురసుందరమ్మగారు అందుకొనిరి. ఆ వాదము సంధ్యాదీపము పెట్టువఱకు సాగినది. ఆదివారమును సాగినది. సోమవారము నాలుగు గంటలకు పెరటిగదిలో మృణాళిని తరగతి మొదలిడునప్పటికి చారు చిక్కదనమును గుఱించిన చర్చ ఏ రౌటరు సాయమును లేకయే ఆఱు గదులను అతివేగమున దాటి వచ్చి ఆమె మైకులో పడుచుండెను. "మేడమ్, మీ ఇంట్లో ఎవరో పోట్లాడుకుంటున్నారు" అని యొక బాలిక పలికెను. జాడీల వాసెన యొకటి దొరకిన దానిని దేనికి కట్టవలయునో మృణాళినికి చక్కగా తెలిసినది గాని పెద్దలని యూరకుండెను.

వినిన మాటను వినినట్లు చేరవేయుట పెట్టె ధర్మము. పెదవి దాటనిమాటను మనసునుండి వెలికి తీసి చేరవేయుట మనుష్యధర్మ మని ఆమె తలంచినది. అందొక పొరపాటు కలదు. దూత యెంత నేర్పరియైనను కొన్ని మాటలు చెప్పవలసినవాడు గడపదాక నడచివచ్చి చెప్పినగాని చేరవు. పచ్చదీపము జాడీల నడుమ వాసెన లేకుండ వెలుగుచున్నది. తాటాకు విసనకఱ్ఱ మాత్రము హాలునకు తిరిగి పోలేదు. కొట్టుగది గడపకావల చేతికందునంత దూరమున ఆయన కొట్టిన కొత్తమేకునకు వ్రేలాడుచున్నది.