కదలని గంట

సౌదీలో, హఫర్ అల్ బాతిన్ కంపెనీ క్యాంపులో బండ్ల మీద నంబర్లు, గోడల మీద బోర్డులు రాయడం భోజన్న పని. సొంతూరు నిర్మల్. తాతల నాటి నుంచి బొమ్మలకు రంగులేసే ఇల్లు. ఇక్కడికొచ్చాక దేవుడి బొమ్మ ముట్టుకోలేదు. ఎవరైనా చూస్తే నౌకరీ పోతుంది.

మెస్సులో వంటచేసే శ్రీలంక ఆయన అతనికి ధ్యానం నేర్పాడు. కూర్చుంటే గంట దాకా కదలొద్దు, కాళ్లు తిమ్మిరెక్కినా, చీమ కుట్టినా. బుద్ధుడి బొమ్మకు కళ్లు చివర్న వేస్తారనీ, మనసు కదలనివాడే వేయాలనీ చెప్పిందీ ఆయనే. ఇరాక్ కువైట్ మీద పడగానే ఆయన వెళ్లిపోయాడు. భోజన్న ఓ పెట్టె చెక్క మీద బుద్ధుణ్ణి వేసి మంచం వెనక దాచాడు. కళ్లు మాత్రం వేయకుండా ఉంచాడు. ఎప్పుడు కూర్చున్నా గంట నిండకుండానే కదిలేవాడు.

యుద్ధం మొదలైంది. ఫిబ్రవరిలో ఓ సాయంత్రం, ఈసారి చచ్చినా లేవనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి సైరన్ మోగింది. అందరూ ఇసుక బస్తాల గుంతలోకి ఉరికారు. గదిలో లక్ష్మణ్ ఒక్కడే మిగిలాడు. భోజన్నకు పక్క ఊరివాడే. పరంజా మీంచి పడి, కాలికి పిండికట్టుతో ఉన్నాడు.

"అన్నా, జర లేపు."

భోజన్న కళ్లు తెరవలేదు.

"అన్నా! ఇనవడ్తలేదా? ఒక్కణ్ణే నడ్వలేనే!"

ఆ పిలుపునూ చీమ కుట్టినట్టే అనుకున్నాడు. వచ్చింది, పోతుంది. నిజంగానే పోయింది. మంచం కిర్రుమంది, తలుపు కొట్టుకుంది, అంతే.

క్షిపణి ఎక్కడో ఎడారిలో పడింది. గంట నిండింది. భోజన్న చెక్క బయటికి తీసి కళ్లు వేశాడు. చెయ్యి వణకలేదు. అంత బాగా అతనికి ఎన్నడూ కుదరలేదు. ఆ సంతోషంలో తలుపు తీస్తే, మెట్ల కింద లక్ష్మణ్ పడి ఉన్నాడు. పిండికట్టు పగిలి, మోకాలు పక్కకు తిరిగింది.

ఆ కాలు ఇక మడవడానికి రాదన్నారు డాక్టర్లు. కంపెనీ ఎగ్జిట్ కొట్టి అతన్ని ఇంటికి పంపేయడానికి సిద్ధమైంది. క్యాంపులో వాళ్లు మాత్రం, బాంబులకు కూడా చలించలేదంటూ భోజన్నను వింతగా, గౌరవంగా చూడసాగారు.

ఆసుపత్రిలో లక్ష్మణ్ ఒకటే అడిగాడు.

"ఇన్నవా, ఇనలేదా?"

"ఇన్న."

"మరి?"

"గంట కాలేదు."

లక్ష్మణ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతను వెళ్లే రోజు అతని మంచం మీదికి జగిత్యాల మనిషి ఒకడు కొత్తగా దిగాడు. సామాను మోయబోయిన భోజన్నను లక్ష్మణ్ చేత్తోనే ఆపాడు. కొత్తవాడితో, "ఈయన మా అన్న. బాంబు పడ్డా కదలడు. నీకేమన్నయితే ఇంకెవర్నన్న పిలువు," అని, వాడి భుజం పట్టుకుని బండి దాకా కుంటుకుంటూ నడిచాడు.

బండి పోయాక కొత్తవాడు వెనక్కొచ్చి, అది పొగడ్తే అనుకుని, భోజన్నకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.