సూర్యుడి ఇంటికి సగం దారి

పగలు కథ చెబితే ప్రయాణంలో ఉన్నవాళ్లు దారి తప్పుతారని సర్దార్ బీకి భయం. చిన్నప్పుడు ఓ మధ్యాహ్నం అమ్మ కథ చెబుతుండగా బొల్లారం వెళ్లిన అన్న హుజైఫా మళ్లీ గుమ్మం తొక్కలేదు. అప్పటినుంచి పొద్దు గూకితే గాని ఆమె నోట కథ రాదు.

అయినా మనవరాలు జెబాను కాదనలేకపోయింది. మౌలాలిలో జెబా చదివే బడి గోడ మీద, బొగ్గు కాల్చకుండా దీపాలు వెలిగే ఊరిని పిల్లలు బొమ్మగా వెయ్యాలి. "ముందు మంచి కథ కావాలి. దాన్నిబట్టే బొమ్మ" అంది కల్పలత టీచర్. "మా దాదీకి మస్తు కథలొస్తయి టీచర్" అని జెబా గొప్పగా చెయ్యెత్తేసింది.

తీరా కథ చెప్పడానికి బడికి వెళ్లాల్సిన రోజే కొడుకు తారిఖ్ తెల్లవారకముందే లారీ వేసుకుని నిజామాబాద్ వెళ్లాడు. సర్దార్ బీ గోడ పక్కన కుర్చీలో కూర్చుని, దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ కథ ఎత్తుకుంది.

"ఒక ఊరి దీపాలన్నీ ఒక నల్ల రాక్షసుడు వెలిగిస్తుండె. కూలి కింద రోజుకో గుట్టను మింగుతుండె. ఆఖరి గుట్ట మిగిలినప్పుడు, ఒక కుమ్మరి పిల్ల వెలుగు అడుక్కొస్తనని సూర్యుడి ఇంటికి బయల్దేరింది. సగం దారి పోయిందో లేదో..."

బయట లారీ హారన్ మోగింది. సర్దార్ బీకి దారిలో ఉన్న తారిఖ్ గుర్తొచ్చాడు.

"గొంతు పట్టేసింది బిడ్డా" అంది. అబద్ధమే.

"దాదీ కథ బఫరింగ్ అయితుంది!" అన్నాడు జెబా క్లాసు రాఘవేందర్. పిల్లలు ఘొల్లుమన్నారు. కల్పలత పాపం నిజమనుకుని వేడినీళ్లు తెచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని సర్దార్ బీ తలెత్తలేకపోయింది. జెబా మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి, "ఇందాక గేటు కాడ ఆటోవాలాతోని గట్టిగనే కొట్లాడినవ్ గద దాదీ" అని గొణిగి వెళ్లిపోయింది.

ఇంటికి బయల్దేరిన సర్దార్ బీ గేటు దాటకముందే తారిఖ్ నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మీ, పొద్దుగాలనే చేరిన. సామాన్ దించుడుల పడి చెప్పుడు మర్చిపోయిన. పరేషాన్ కాకు."

అంటే తను కథ ఎత్తకముందే వాడు లారీ దిగాడు. గుండె కుదుటపడింది. ఆ వెంటే సిగ్గు ముంచుకొచ్చింది. ఎవరిని కాపాడటానికి ఆ పసిదాన్ని నలుగురిలో తలదించుకునేలా చేసింది?

వెనక్కి తిరిగింది. గోడకు ఒక చివర నల్ల రాక్షసుడు సిద్ధమయ్యాడు. రెండో చివరంతా ఖాళీ సున్నం. నడుమ జెబా ఒక్కతే కూర్చుని చిన్న పిల్ల బొమ్మకు రంగు వేస్తోంది.

"నా గొంతు మంచిగనే ఉండె" అంది సర్దార్ బీ, అందరికీ వినపడేలా. "భయపడ్డ. అబద్ధం చెప్పిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది.

"జెబా, ఆ పిల్ల ఏడిదాక పోయింది?"

"ఏడికి పోతది? నువ్వు ఇడిసిపెట్టిన కాడనే ఉన్నది. ఆమె సుత దారిలనే ఉన్నది గద దాదీ. ఆమె తప్పిపోదా?"

సర్దార్ బీ తలెత్తి ఆకాశం చూసింది. ఎండ నడినెత్తి మీద ఉంది. కుర్చీ అడగకుండా జెబా పక్కనే నేల మీద కూర్చుంది.

"కుమ్మరి పిల్ల మిగిలిన సగం దారి నడిచింది. సూర్యుడి తల్లి తలుపు తీసింది. 'వెలుగు రోజూ మీ ఇంటి కప్పు మీదికే పంపుతున్న గద పిల్లా. పట్టుకునేతందుకు గిన్నె పెట్టిన్రా?' అన్నది..."

జెబా ఆమె వైపు చూడలేదు. కుంచె మాత్రం ఆపి వింటోంది.