వంకర తిరిగిన కవళ

తొంభైలో తుఫాను వచ్చి పోయాక రేపల్లెలో ఎవరింటి ముందు చూసినా ఒకటే పని, పోయినవి వెతుక్కోవడం. ఏసమ్మ కూడా పడిపోయిన వంటింటి గోడ మట్టిని చేతులతో తోడుతూ కూర్చుంది. కంచాలు దొరికాయి. సొట్టపడిన బిందె దొరికింది. ఆమె వెతుకుతున్నది వాటి కోసం కాదు. పొయ్యి పక్క గూట్లో ఉండే మట్టి అచ్చు కోసం. పొద్దు వాలేసరికి అదీ దొరికింది, పెంకులు పెంకులుగా.

ఆ అచ్చు ఆమె భర్త అంద్రెయ చేసింది. ఇటుకల్లాంటి రెండు దిమ్మలు, వాటి మధ్య చేప ఆకారంలో గుంట. తోకవైపు గాలపు కొక్కెం, నోటివైపు తీగ చుట్ట పెట్టి, దిమ్మలు మూసి తాడుతో బిగించి, పైనున్న కంతలోంచి కరిగిన సీసం పొయ్యాలి. చల్లారాక విప్పితే సీసపు చేప. కొక్కెం కాడ దాని పొట్టలో కూరుకుపోయి, ముల్లు మాత్రం బయటికి ఉంటుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గట్టున నిలబడి దాన్ని దారానికి కట్టి దూరంగా విసిరి లాగుతుంటే పండుగప్పలు నిజం చేపే అనుకుని మింగుతాయి. అంద్రెయ పోయాక ఆ పోత ఏసమ్మ చేతికొచ్చింది. పాత వలల సీసపు గుండ్లు గరిటెలో వేసి పొట్టు పొయ్యి మీద పెడితే, బూడిద రంగు పోయి అద్దంలా మెరిసే ఆ క్షణం ఆమెకి ఇష్టం. ఇంత ఇష్టమైన పని చేసుకుని బతకడం అందరికీ కుదరదని ఆమెకి తెలుసు.

బాపట్లలో గుమాస్తాగా ఉన్న మరిది వరప్రసాదం కబురు తెలిసి బస్సెక్కి వచ్చాడు. గోడ చూశాడు, కప్పు చూశాడు, చేతిలో పెంకులు పెట్టుకుని కూర్చున్న వదినని చూశాడు.

"పెట్టె సర్దుకో వదినా. మా ఇంట్లో నీకో గది ఉంది. ఇక్కడేం ఉందని?"

"పొయ్యి ఉంది."

"ఆ పొయ్యి మీద పెట్టడానికి అచ్చేది? ఇన్నాళ్ళూ దాన్ని చూసేగా నేను నోరెత్తనిది."

"ఇంకోటి చేస్తా."

"నువ్వా?"

"ఏం, మీ అన్న తల్లి కడుపులోంచే తెచ్చుకున్నాడా ఈ విద్య? ఇక్కడే, ఈ అరుగు మీదే నేర్చుకున్నాడు."

వరప్రసాదానికి నవ్వొచ్చింది కానీ పట్టు విడవలేదు. చివరికి కోత పండుగ దాకా గడువిచ్చాడు. చర్చిలో కోత పండుగనాటికి ఆమె పోసిన చేప నీళ్ళలో చేపని పట్టాలి. లేదా ఆ సాయంత్రమే బాపట్ల బస్సెక్కాలి. ఏసమ్మ సరేనంది. అనైతే అంది గానీ, ఆ అచ్చు తనెప్పుడూ చేసి ఎరగదు.

అంద్రెయ పోసిన చేపల్లో కోటేశ్వరరావు దగ్గర ఒక్కటే మిగిలింది. అతను మొగ దగ్గర గాలం వేసేవాళ్ళలో గట్టివాడు, నోరు కూడా గట్టిదే. కొక్కెం విరిగిన ఆ చేపని బొడ్లోంచి తీసి ఇస్తూ, "జాగర్త ఏసమ్మత్తా, నా పెళ్ళాన్ని అడిగినా ఇచ్చేవోణ్ణేమో గానీ ఇది ఇచ్చేవోణ్ణి కాదు" అన్నాడు.

"నీ పెళ్ళాం వినిందంటే ఆ కొక్కెం నీకే గుచ్చుద్ది."

ఆ చేపని కొంగున ముడేసుకుని ఏసమ్మ తెనాలి పాసింజరెక్కింది. తెనాలిలో విగ్రహాలు పోతపోసే రామబ్రహ్మం అంద్రెయకి ఎరిగినవాడే. ముసలాయన చేపని అటూ ఇటూ తిప్పి చూసి, "వారం ఆగి రా అమ్మా. మట్టెందుకు, ఇత్తడిదే చేసిస్తా. నీ తరవాతివాళ్ళు కూడా పోసుకోవచ్చు" అన్నాడు.

వారం తరవాత వెళ్ళి ఏసమ్మ ఆ అచ్చుని వేలితో తడిమి చూసింది. పొలుసు పొలుసు చెక్కాడు. కన్ను, మొప్ప, రెక్కల గీతలు కూడా ఉన్నాయి.

"నీ చేప కాస్త వంకరపోయి ఉందమ్మా, ఎక్కడో తొక్కేసినట్టున్నారు. సుత్తితో సాపు చేసి మరీ అచ్చు తీశా" అన్నాడు రామబ్రహ్మం, తృప్తిగా. పని మీద అంత శ్రద్ధ పెట్టినందుకు ఏసమ్మ దణ్ణం పెట్టింది.

ఇంటికొచ్చి ఇత్తడి అచ్చుకి కిరసనాయిలు బుడ్డి మసి పట్టించి, పొయ్యి పక్కన వెచ్చబెట్టి, సీసం పోసింది. తీసిన చేప వెండి చేపలా ఉంది. కోటేశ్వరరావు దాన్ని కళ్ళకద్దుకుని మొగకి తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండా వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

"అత్తా, చేప బంగారం. కాకపోతే కొత్త పెళ్ళికూతురు. తలొంచుకుని తిన్నగా వస్తంది, అటూ ఇటూ చూడదు. పండుగప్పలు పక్కనించే పోతన్నాయి, పలకరించట్లేదు."

"మరి పాతది?"

"పాతదా! లాగుతుంటే తాగినోడు ఇంటికెళ్ళినట్టు వచ్చేది. ఓసారి ఇటు పడి, ఓసారి అటు పడి. దెబ్బ తిన్న చేపనుకుని ఎగబడేయి."

రామబ్రహ్మం సుత్తి కింద సాపైపోయింది వంకర కాదు, తన బతుకని ఏసమ్మకి అప్పుడు తెలిసింది. ఆయన మీద కోపం రాలేదు. చేతికొచ్చిన వంకర పని ఏ పనివాడు మాత్రం సరిచెయ్యకుండా ఇస్తాడు? ఇత్తడి అచ్చులో పోసిన చేపల్ని చేత్తో వంచి చూసింది. ఒకటి మరీ వంగి నీళ్ళలో గిరగిరా తిరిగింది, ఒకటి నడుం దగ్గర పగిలింది. కోటేశ్వరరావు ఓపిగ్గా అన్నీ విసిరి చూసి తెచ్చిచ్చేవాడు. వంకర ఎంతో, ఎక్కణ్ణించి మొదలో, చెప్పే చేప ఒక్కటీ లేదు. వానలు వెనకపట్టాయి. కోత పండుగ దగ్గరికొచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే బజార్లో అమ్మే కవళ్ళు, ఆ చిన్న చేపల్ని, వాకిట్లో చాప మీద ఎండబోసింది. కవళ్ళని ఒకవైపు ఎండాక తిరగెయ్యాలి. లేకపోతే తల, తోక పైకి లేచి వంకర తిరుగుతాయి, బజార్లో ఎవరూ కొనరు. ఆవేళ పొరుగింటామె రాజమ్మ పిలిస్తే వెళ్ళి మాటల్లో పడింది. తిరిగొచ్చేసరికి చాప నిండా వంకర కవళ్ళు. "అయ్యో" అంటూ వంగిన ఏసమ్మ అలాగే ఆగిపోయింది.

అచ్చు చేసిననాడు అంద్రెయ అడిగింది ఆమెకి గుర్తొచ్చింది. పచ్చి చేప మట్టిలో చితికిపోతోంది, ఎండు చేప ఒకటియ్యవే అన్నాడు. ఆమె బుట్టలోంచి మంచి కవళ తీసి ఇవ్వబోతే, "అది అమ్ముకో, మట్టిలో పెట్టడానికి అంత మంచిదెందుకు" అని, పిల్లికి వెయ్యడానికి పక్కన పెట్టిన వంకర కవళని తీసుకున్నాడు. ఊరంతా అంద్రెయ చేతి మహిమ అనుకుంది. పిల్లి నోటి ముందు నుంచి లాక్కున్న పీనాసితనం అది! ఏసమ్మ చాప పక్కనే కూలబడి ఒక్కతే పగలబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి.

ఇక చెయ్యి ఆగలేదు. కాలవ ఒండ్రులో ఊక బూడిద కలిపి మెత్తగా పిసికింది. చాప మీదున్నవాటిలో తలకన్నా తోక కాస్త ఎక్కువ తిరిగిన కవళని ఏరి, ఆముదం రాసి, సగం దాకా మట్టిలో అద్దింది. పైన బూడిద చల్లి రెండో దిమ్మ మూసింది. ఆరాక విడదీసి చేపని తీసేసి, కొక్కేనికీ తీగకీ దారులు గీసింది. నీడన బాగా ఎండనిచ్చి ఊకలో కాల్చింది. తొందరపడి తడి అచ్చులో పోస్తే సీసం ఎగిరి మీద పడుతుంది, అంద్రెయ మోచేతి మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది.

ఈసారి చేప వెండిలా లేదు. కన్ను లేదు, పొలుసు లేదు. కోటేశ్వరరావు దాన్ని చూసి, "తాగినోడు వచ్చాడ్రోయ్!" అని కేకేశాడు.

మొగ దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అచ్చు చేపకి పడ్డ మొదటి చేప, పోత పోసినవాళ్ళది. కోత పండుగ రోజు పొద్దున్నే కోటేశ్వరరావు చంకలో పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒక పండుగప్పని ఎత్తుకొచ్చి ఏసమ్మ వాకిట్లో దింపాడు. అది ఇంకా తోక కొడుతోంది.

ఏసమ్మ దాన్ని అరటాకులో చుట్టి చర్చికి తీసుకెళ్ళింది. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళ పక్కన కానుకల బల్ల కింద పెట్టింది. ఆరాధనయ్యాక ఆ కానుకలకి వేలంపాట మొదలైంది. పండుగప్ప వంతు రాగానే వెనకనుంచి ఒక గొంతు పాట పెంచుకుంటూ పోయింది. తిరిగి చూస్తే వరప్రసాదం! వదినని తీసుకెళ్ళడానికి ఖాళీ సంచీతో వచ్చినవాడు. పాదిరిగారు మూడోసారి అనేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

చేపని రెండు చేతులా మోసుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"పులుసు పెట్టు వదినా. తిని ఆఖరి బస్సుకి పోతా."

"ఒక్కడివేనా?"

"మరి? నీ పొయ్యి బాపట్ల మోసుకెళ్ళమంటావా ఏంటి?"

ఇంటికెళ్ళాక ఏసమ్మ చింతపండు నానేసి వచ్చి, వాకిట్లో చాప మీది కవళ్ళని తిరగెయ్యడం మొదలుపెట్టింది. అరుగు మీద కూర్చున్న వరప్రసాదం చూస్తూ, "ఆ చివరిది వదిలేశావే" అన్నాడు.

"అది అమ్మడానికి కాదులే" అంది ఏసమ్మ.