పన్నెండు కిటికీల గుమ్మటం

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు మనవరాలు తమారా ఫోన్లో ఒక ప్రశ్న అడిగింది. పెర్లా షూస్టర్ చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే గాల్లో ఆగిపోయింది.

"బామ్మా, కుచ్చు కట్టేముందు ఏదో అనాలట కదా. నాలుగు మూలలకూ అన్నావా?"

"అనకుండా కడతానటే?" అంది పెర్లా.

ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు, ఆ జవాబు నిజమో కాదో తనకే తెలియదని.

తెల్లటి ఉన్ని శాలువా బల్ల మీద పరిచి ఉంది. రేపు పొద్దున తమారా మొదటిసారి పదిమంది ముందు నిలబడి యూదుల ధర్మగ్రంథం తోరా చదువుతుంది. అప్పుడు భుజాన వేసుకునేది ఇదే. మగ్గం మీద నేసింది పెర్లాయే. మెడపట్టీ మీద కుట్టిన తీగల నమూనా రివదావియా వీధిలో ఒక పాత మేడ బాల్కనీ కటకటాలది. నెల రోజులుగా రోజూ భోజనం కాగానే ఆడపడుచు బెర్తాను వెంటేసుకుని ఆ మేడ చూడటానికి వెళ్లేది. పని సంచీ కూడా వెంట ఉండేది.

మూలకొక కుచ్చు. కుచ్చుకు ఐదు జంట ముడులు. వాటి నడుమ వరసగా ఏడు, ఎనిమిది, పదకొండు, పదమూడు చుట్లు. దారం గుచ్చగానే "దేవుడి ఆజ్ఞ కోసం కడుతున్నాను" అని మనసుపెట్టి అనాలి. మూడు మూలలు ఈ బల్ల దగ్గరే కట్టింది. అన్నట్టే గుర్తు. ఒకటి మాత్రం మంగళవారం మేడ ఎదుట బెంచీ మీద కట్టింది. అక్కడ గుమ్మటం గుర్తుంది, పావురాలు గుర్తున్నాయి. మాట గుర్తులేదు.

ప్రార్థనామందిరంలో గురువు రబ్బీకి ఫోన్ చేసింది.

"చుట్ల లెక్క తప్పినా ఫరవాలేదు పెర్లా గారూ. మాట అనకపోతే మాత్రం అవి ఉత్త దారాలే. ఆ మూల విప్పి మళ్లీ కట్టండి."

"ఏ మూలో తెలియడం లేదు రబ్బీ. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి."

"అయితే నాలుగూ విప్పాలి."

పెర్లా తన వేళ్లు చూసుకుంది. కీళ్లవాతంతో కణుపులు ఉబ్బిన వేళ్లు. విప్పి కట్టడానికి మూలకు గంట పడుతుంది. ఐదున్నరకు విశ్రాంతిదినం దీపాలు వెలిగించాలి. ఆ తర్వాత రేపు చుక్కలు పొడిచేదాకా ముడి వెయ్యకూడదు, విప్పకూడదు. నాలుగు గంటల పని, మూడు గంటల వ్యవధి.

"ఎవడు చూడొచ్చాడు వదినా? వదిలెయ్యి" అంది బెర్తా, సోఫాలోంచి లేవకుండానే.

"పిల్ల ఆ కుచ్చులు చేత్తో పట్టుకుని ఆశీర్వచనం చదువుతుంది. ఉత్త దారాల మీద చదివించనా?"

"దేవుడికీ నాకూ మాటల్లేవు. నన్నడక్కు."

"నిన్నడిగేది దేవుడి గురించి కాదు. ఆ రోజు నా పక్కనున్నది నువ్వే. కోటు తొడుక్కో, బెంచీ దగ్గరికి పోదాం."

బస్సు ఎంతకీ రాక, నాలుగుకు పది నిమిషాలుండగా గానీ మేడ దగ్గర దిగలేదు. చలిగాలి కొడుతోంది. ఎదురుగా మేడ, మేడ మీద పలకరాయి గుమ్మటం, దాని ముందువైపు వరసగా చిన్న చిన్న కిటికీలు.

"ఇక్కడే కూర్చున్నావు. నేను అటు చివర" అంది బెర్తా. "ఏదైనా అన్నావా అంటే నేను వినలేదు. కానీ ఆఖర్న చుట్లు చుడుతున్నప్పుడు చేతులకేసి చూడనేలేదు. గుమ్మటానికేసి చూస్తూ, కిటికీకొకసారి గడ్డం ఊపావు. కోడి గింజలేరుకున్నట్టు."

పెర్లా తలెత్తింది. కిటికీలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

పన్నెండు.

కిటికీకొక చుట్టు లెక్కన చుట్టి ఉంటే, ఆ మూలలో ఒకటి తక్కువ ఉండాలి. శాలువా ఒళ్లో పరిచి, బొటనవేలితో ఆఖరి చుట్లు తడిమింది. మొదటి మూల, పదమూడు. రెండోది, పన్నెండు. "దొరికింది!" అని అరవబోయి ఆగింది. మూడోది, పదమూడు. నాలుగోది కూడా చూసేసింది.

పన్నెండు.

"ఇదేమిటే? మంగళవారం ఒక్కటేగా ఇక్కడ కట్టింది?"

"బుధవారం కూడా ఒకటి కట్టావుగా. వేడి చాక్లెట్ తాగాం. నీ కప్పు ఒలికింది."

బుధవారం పెర్లా బుర్రలో ఎక్కడా లేదు. చాక్లెట్ లేదు, ఒలకడం లేదు. కోటు అంచు చూసుకుంది. గోధుమరంగు మరక కనిపించింది. ఇంట్లో కట్టినవి మూడన్న గుర్తు కూడా అబద్ధమేనన్నమాట. మిగతా రెంటికీ మాట అన్నానన్న గుర్తును మటుకు ఏం చూసి నమ్మాలి? పదమూడు చుట్లున్నాయి, కాబట్టి అవి బల్ల దగ్గర కట్టినవి. బల్ల దగ్గర గోడ తప్ప చూసేదేమీ లేదు, మనసు అక్కడే ఉంటుంది. అంతకుమించి సాక్ష్యం లేదు.

గడియారం నాలుగు దాటింది. ఇంటికి బస్సు ఇరవై నిమిషాలు. చేతిలో ఉన్నది ఒక్క మూలకు సరిపడే టైము.

పెర్లా బెర్తా చేతులకేసి చూసింది. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన వేళ్లు.

"అలా చూడకు వదినా."

"ఆ చివర నువ్వు పట్టుకో."

"నేను నమ్మను."

"నమ్మమనలేదు. అనమన్నాను. మనసుపెట్టి."

బెర్తా గొణిగింది, చేతితొడుగులు లాగేసింది, శాలువా చివర ఒళ్లోకి లాక్కుంది. బెంచీకి ఇటు ఒకరు, అటు ఒకరు, నడుమ శాలువా. విప్పారు. దారాలు మళ్లీ గుచ్చారు. పెర్లా మాట ఎంత గట్టిగా అందంటే బస్టాపులో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. బెర్తా పెదాలు మాత్రమే కదిలాయి.

"మనసుపెట్టే అన్నావా?"

"పిల్ల కోసం అన్నాను. అది మనసు కాక మోకాలా?"

అది చెల్లుతుందో లేదో పెర్లాకు తెలియదు. రబ్బీనడిగే వ్యవధి లేదు. ఐదుకు ఐదు నిమిషాలుండగా ఆఖరి ముడి బిగించి, బస్సు వెంట పరుగెత్తారు.

సీట్లో కూర్చున్నాక ఊపిరి పీల్చుకుని బెర్తా కట్టిన మూల తడిమింది. పదమూడు, ఒక్కటీ అటూ ఇటూ లేదు. తన మూల తడిమింది. మళ్లీ తడిమింది.

బెర్తా ఓరగా చూస్తోంది. "ఎన్ని?"

"పన్నెండు."

"మళ్లీ గుమ్మటం చూశావు!"

"చూశాను" అంది పెర్లా, శాలువా మడతపెడుతూ. "కానీ మాట అన్నానా లేదా, పోయి ఆ బస్టాపులో వాళ్లనడుగు."